ఎవరూ చేయని ప్రదక్షిణ

అమ్మా, జగన్మాతా, నీకు జయం. నువ్వు కళ్ళు తెరిస్తే లోకాలు పుడతాయి, మూస్తే అణగిపోతాయి. మట్టికి రూపం ఇచ్చింది నువ్వే, ఆ రూపంలో లోపం ఎక్కడుందో చూసే కన్ను మనిషికి ఇచ్చిందీ నువ్వే. ఇన్నేళ్ళూ నా వేళ్ళను ఆడించావు, నా చూపు నిలబెట్టావు, నా ఇంట్లో పొయ్యి ఆరిపోకుండా కాపాడావు. ఇప్పుడు రాయబోయేదాంట్లో ఒక్క అబద్ధం కూడా దొర్లకుండా చూడు తల్లీ. నీ నామానికి ఎల్లకాలం జయం.

ఆడుకోవడం కాదు

వీడియో గేమ్‌లు పరీక్షించడం నా వృత్తి. బొటనవేలి మొదట్లో నొప్పి స్థిరపడిపోవడంతో మొన్న ఉగాది తర్వాత మానుకున్నాను. పుట్టింది రూపనగుడిలో, మెట్టింది బళ్ళారి బ్రూస్‌పేటలో. మా ఆఫీసూ బ్రూస్‌పేటలోనే, జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒక చిన్న కార్ఖానా పైన ఉండేది. కింద కుట్టుమిషన్లు మోగుతుంటే పైన మేము ఐదారుగురం ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్ళం. బెంగళూరులో ఆటలు తయారు చేసే ఒక కంపెనీ, వాటిని జనానికి విడుదల చేసే ముందు మాకు పంపేది. అందులో ఎక్కడ తప్పుందో వెతికి చెప్పడం మా పని. ఆ తప్పులనే బగ్‌లు అంటాం.

ఈ పనిలో కొత్తగా చేరుతున్న అమ్మాయిలూ అబ్బాయిలూ అప్పుడప్పుడు వచ్చి నన్ను సలహాలు అడుగుతుంటారు. జీతం ఎంత, ఎన్నాళ్ళకు పెంచుతారు అన్నవి మీరు ఎలాగూ తెలుసుకుంటారు. ఆ పని మనిషిని ఏం చేస్తుందో నేను చెబుతాను.

మా ఆడపడుచు ఒకసారి పెళ్ళిలో నలుగురి ముందూ అడిగింది. "ఊరికే ఆడుకుంటే జీతమిస్తారంట గదా వదినా? మా ఇంట్లో ఇద్దురుండారు, పొద్దస్తమానం అదే పని. రేపే పంపిస్తా."

"పంపియ్యి. ఒకే గోడకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా తల కొట్టుకోమంటే కొట్టుకుంటారా అడుగు."

"ఏందీ, తలా?"

"బొమ్మ తలలే. కాకపోతే నొప్పి మనకి."

అందరూ నవ్వారు కానీ నేను చెప్పింది నిజమే. ఆడేవాడు తలుపు కనిపిస్తే తలుపులోంచి పోతాడు. పరీక్షించేవాళ్ళు తలుపు వదిలేసి గోడను రాసుకుంటూ నడవాలి, దూకకూడని చోట దూకాలి, మాట్లాడకూడని సమయంలో మాట్లాడాలి, ఫోన్ వచ్చినప్పుడు, చార్జింగ్ అయిపోతున్నప్పుడు, నెట్ పోయినప్పుడు ఆట ఏమవుతుందో చూడాలి. ఆటంటే ఇష్టమని ఈ పనిలోకి వచ్చినవాళ్ళకు మొదట పోయేది ఆ ఇష్టమే. ఉన్నదున్నట్టు చెబితే, ఇది జీతం తీసుకుని భయపడే పని. ఏది చెడిపోవచ్చో రోజంతా ఊహించాలి. ఆ ఊహ సాయంత్రం ఆఫీసులోనే ఉండిపోదు, మనతో పాటు ఇంటికి వస్తుంది.

మా ఎండ, వాళ్ళ ఏసీ

పై అధికారుల గురించి ఒక్క సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. స్మార్ట్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో మాకు ఒక కార్ల పందెం ఆట వచ్చింది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో కాసేపు ఆడగానే ఫోన్ కాలిపోయేంత వేడెక్కి ఆరిపోయేది. రాసి పంపితే బెంగళూరు సార్, "మాకు అలా అవడం లేదు" అని తిప్పి పంపేవాడు. మళ్ళీ రాసినా మళ్ళీ అదే మాట.

మా ఆఫీసు పెట్టిన తిప్పేస్వామన్న మంచివాడే కానీ భయస్తుడు. పైవాళ్ళతో వాదించడు. "వాళ్ళకి ఏసీ ఉండాది లక్ష్మమ్మా, మనకి ఎండ ఉండాది. ఏం చెప్తాం?" అని ఊరుకునేవాడు. అలాంటివాడు, ఆ సార్ ఏదో పని మీద ఏప్రిల్‌లో బళ్ళారి వచ్చినప్పుడు, చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చి మిద్దె మీదికి తీసుకుపోయాడు.

"సార్, గాలికి బాగుంటాది. ఒక ఆట ఆడండి."

ఆ సార్ ఆడుతూ ఉండగానే చొక్కా తడిసింది, ఫోన్ ఆరింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఫోన్ తప్పు" అన్నాడు.

"ఇంకో ఫోన్ తెస్తా సార్. ఎండ ఇంకా ఉండాది."

బగ్ సరిచేశారు. మీరు చెప్పింది నిజమేనని మాత్రం ఆయన చివరిదాకా అనలేదు. మీకూ ఇలాంటివాళ్ళు తగులుతారు. వాళ్ళ నోట ఆ మాట వస్తుందని కాచుకోకండి. బగ్ పోయిందా లేదా చూసుకోండి, చాలు.

చెప్పులు విడిచి ఆడే చోటు

ఇక నేను రాయాలనుకున్నది. ఇది ఇంకా జరుగుతూనే ఉంది.

నేను మానేయడానికి కొన్ని నెలల ముందు పిల్లల ఆట ఒకటి వచ్చింది. ఒక పల్లె, అందులో మనం నడిపించే ఒక బొమ్మ పిల్ల, చిన్నచిన్న పనులు. పూలు కోయాలి, నీళ్ళు మోయాలి, చివరికి ఊరి అమ్మవారి గుడి చుట్టూ మూడుసార్లు తిరిగితే ఒక దీపం చేతికొస్తుంది. దానితో తర్వాతి ఊరి దారి తెరుచుకుంటుంది. ఆ గుడి భాగం నాగరత్నకు అప్పగించారు.

నాగరత్న మాలో చిన్నది. భర్త తోరణగల్లు ఉక్కు కర్మాగారంలో పని చేస్తాడు, కంపెనీ బస్సులో పోయి వస్తాడు. పెళ్ళయి చాలా ఏళ్ళయింది. రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు మూడోసారి, నాలుగో నెల. ఆఫీసులో మేమంతా ఆమెను కనిపెట్టుకుని ఉండేవాళ్ళం. ఆమె పక్క సీటు షబానా నీళ్ళ బాటిల్ నింపి బల్ల మీద పెట్టేది, మెట్లు దిగి ఎక్కే పని ఏదున్నా తనే చేసేది.

ఆటలో గుడి తెరుచుకునే ముందు నాగరత్న బల్ల కింద చెప్పులు విడిచేది. తెర మీద అమ్మవారు కనిపించగానే వేళ్ళు కళ్ళకు అద్దుకుని, ఆ బొమ్మ పిల్లను కుడిచేతి వైపు గుడి ఉండేలా నింపాదిగా తిప్పేది. మీకు నవ్వు వస్తుందేమో కానీ మాకు రాలేదు. మిగతా భాగాలన్నింట్లో గోడలకు తలలు కొట్టే మేము, ఆ గుడి దగ్గరకు వచ్చేసరికి అందరం అలాగే బుద్ధిగా నడిచేవాళ్ళం. ఒకరి పని ఇంకొకరు సరిచూడటం మా ఆఫీసు పద్ధతి. నేనూ చూశాను, షబానా చూసింది, తిప్పేస్వామన్న కూడా ఒకసారి చూశాడు. గుడి భాగం బాగుందని రాసేశాం. సోమవారం బెంగళూరుకు అప్పగించాలి.

కడిగేదానికి తిరిగేది

మా వీధిలోని అమ్మవారి గుళ్ళో ప్రతి శుక్రవారం మా పారాయణ సంఘం కూర్చుంటుంది. నామాలు చదివించేది గౌరమ్మ టీచర్. బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆ శుక్రవారం పారాయణ అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. టీచరమ్మ కొంగు బిగించి, బకెట్టు, చీపురు పట్టుకుని గుడి చుట్టూ కడగసాగారు. నేను గుంజకు ఆనుకుని చూస్తున్నాను. ఆమె గర్భగుడిని ఎడమచేతికి పెట్టుకుని, మేము తిరిగే దానికి సరిగ్గా వ్యతిరేకంగా కడుగుతూ పోతున్నారు.

అప్పుడు తట్టింది. ఆటలోని ఆ గుడి చుట్టూ ఇలా ఎవరూ తిరగలేదు.

"ఏందమ్మా లక్ష్మీ, అట్ల నిలబడుకుండావు? కాళ్ళు తడుస్తాయి, జరుగు."

"టీచరమ్మా, మీరు తిరగేసి తిరుగుతాండారు."

"నీళ్ళు ఏ తట్టుకు పోతాయో నేనూ ఆ తట్టుకే పోవల్ల. వాలు అట్ల ఉండాది."

"తప్పు గాదా?"

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. "మొక్కేదానికి తిరిగేది వేరే, కడిగేదానికి తిరిగేది వేరే. కడిగేటోళ్ళు మూలమూలకీ పోవల్ల. నా చేతిలో చీపురుండాదని ఆ యమ్మకి కనపడదా?"

అప్పుడు సంగతంతా చెప్పాను. గుడి ఆటలోదైనా అమ్మవారు అమ్మవారేనని, అటు నుంచి తిరిగి చూడకపోతే నా పని పూర్తికానట్టేనని, ఆ భాగం కడుపుతో ఉన్న పిల్ల పేరు మీద ఉందని చెప్పాను. కడుపుతో అన్న మాట వినగానే టీచరమ్మ ముఖం మారింది. చీపురు గోడకు ఆనించారు.

"ఆ పాపని అడిగినావా?"

"లేదు."

"అడుగు. ఆ పాపకి చెప్పకుండా మాత్రం చేయొద్దు."

మిద్దె మీద

మర్నాడు అడిగాను. నాగరత్న నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

"ఎవురన్నా అట్ల తిరుగుతారా అక్కా? ఏమన్నా మతి ఉండాదా నీకు?"

"మనం తిరగమమ్మా. తెలీనోళ్ళు తిరుగుతారు గదా."

"దాని మీద నా పేరుండాది. నా కడుపులో బిడ్డుండాది. రెండుసార్లు పోయినాయని తెల్సు గదా నీకు? వద్దక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా."

ఆమె నిజంగానే లేవబోయింది. నేను భుజాలు పట్టి కూర్చోబెట్టాను. మా ఇళ్ళల్లో ఏ పూజకైనా ముందు చేసేదే చెప్పాను. "సంకల్పం చెప్పుకుంటానమ్మా. నా గోత్రం, నా పేరు చెప్పుకుని చేస్తా. ఆ తిరిగేది నాది. మంచైనా చెడైనా నాకే."

ఆమె గోడ వైపు తిరిగి అంది. "నీ ఫోన్లో చేసుకో. నా ఫోన్ ముట్టొద్దు. నేనుండే చోట చేయొద్దు."

మిద్దె మీదికి పోయాను. చెప్పులు విడిచాను, నేల చురుక్కుమంది. తూర్పుకు తిరిగి గోత్రం, పేరు చెప్పుకున్నాను. "అమ్మా, ఇది పూజ కాదు, కడగడం. దీని ఫలం నాకే, ఆ పిల్లకు కాదు" అని పైకే అన్నాను. బొమ్మ పిల్లను అటు నుంచి నడిపించాను. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారీ కాలేదు. మూడోసారి గుడి వెనక మూల దగ్గర ఆ పిల్ల గోడలోకి దూరి ఇరుక్కుపోయింది. ఎటు నొక్కినా కదల్లేదు. ఆట మూసి మళ్ళీ తెరిస్తే, ఆట తనంతట తాను దాచుకున్నది ఆ చోటునే కాబట్టి, మళ్ళీ గోడలోనే తెరుచుకుంది. ఎన్నిసార్లు తెరిచినా అంతే. అంటే ఏ పిల్లాడైనా అటు నుంచి తిరిగితే, అన్ని రోజులూ కష్టపడి ఆడిందంతా పోయినట్టే.

కిందికి దిగేసరికి నాగరత్న నా ముఖం చూసి కనిపెట్టేసింది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఎందుకొచ్చిందో తెల్సా? తిరగేసి తిరిగినావు గనక."

బ్యాగు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. మెట్లు దిగేటప్పుడు షబానా పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది.

తిప్పేస్వామన్న తల పట్టుకున్నాడు. "అయ్యో దేవ్రే! సోమవారం అప్పగించల్ల. ఇప్పుడే దొరకల్లా ఇది? ఎవురైనా పిల్లోళ్ళు ఆ తట్టు పోతారా లక్ష్మమ్మా?"

"పిల్లోళ్ళే పోతారన్నా. వాళ్ళకి ఎవురూ వద్దని చెప్పలేదు గదా."

షబానా అప్పటిదాకా తల వంచుకుని ఉంది. "మా ఇండ్లల్లో పిల్లోళ్ళు కూడా ఆడతారన్నా. మక్కాలో కాబా చుట్టూ తిరిగేది ఆ తట్టు నుంచే. వాళ్ళకి అదే చేతికొస్తాది" అంది.

నాకు ఆశ్చర్యమేసింది. "మరి నువ్వు చూసినప్పుడు అట్ల ఎందుకు తిప్పలేదే?"

"మీ అమ్మవారి గుడి గదక్కా. పక్కన నాగరత్న చెప్పులిడిసి కూసుంటే నేను అట్ల తిప్పేదా? తోబా తోబా." ఆమె చెంపలు వేసుకుంది.

ఈ ఒక్క సంగతి కోసమే ఇదంతా రాయవచ్చు. మా ఆఫీసులో ఎవరూ పని ఎగ్గొట్టలేదు, ఎవరూ నిద్రపోలేదు. ఒకరు భక్తి వల్ల, ఇంకొకరు మర్యాద వల్ల, అందరం ఒకే దారిలో నడిచాం. మీరు పరీక్షించే చోట మీకు ఏది పవిత్రమో ముందు దాని దగ్గరకు పోయి చూడండి. అక్కడే మీ చెయ్యి ఆగిపోతుంది.

బెంగళూరుకు ఫోన్ చేసింది తిప్పేస్వామన్నే. చెమటలు కక్కుతూ చేశాడు. ఫోన్ అందరికీ వినపడేలా పెట్టాడు. అక్కడి మేడం అంతా విని, "ఇన్ని రోజులు, ఇంతమంది. ఒక్కరు కూడా అటు నుంచి తిరగలేదా? గుడి ఎవరు చూశారు?" అన్నారు.

ఆయన నా వైపు చూశాడు, నాగరత్న ఖాళీ కుర్చీ వైపు చూశాడు. "అందరం చూసినాం మేడం. నేనూ చూసినా. ఎవురూ తిరగలేదు. మాది బళ్ళారి మేడం."

అవతల ఆమె ఎవరినో అడుగుతున్న మాటలు వినిపించాయి. తర్వాత ఆమె మెల్లగా అన్నారు. "ఇక్కడ తయారు చేసినవాళ్ళు కూడా తిరగలేదంట. ఇప్పుడే అడిగాను."

విడుదల ఆపారు. గుడి వెనక కనపడని గోడ ఒక వైపు మూసుకుని, ఇంకో వైపు తెరుచుకుని ఉందంట. సరిచేసి పంపారు. నాగరత్న పేరు ఎవరూ ఎత్తలేదు.

నా భయం

ఆట కథ అంతటితో అయిపోయింది. నాది అవలేదు.

నాగరత్న మళ్ళీ ఆఫీసుకు రాలేదు. బీపీ పెరిగిందని, మంచం దిగవద్దని డాక్టరమ్మ చెప్పిందని షబానా వచ్చి చెప్పింది. నేను ఫోన్ చేస్తే వాళ్ళ అత్త ఎత్తి, "పడుకోనుండాది" అనేది. ఎప్పుడు చేసినా అదే మాట.

బీపీ ఎందుకు వస్తుందో నాకు తెలియదా? ఆమెకు ముందు నుంచే ఉంది. తెర మీద బొమ్మను తిప్పినందుకు అమ్మ ఒక పసికందు మీద కోపం తీర్చుకుంటుందా? నేను చదివిన శాస్త్రంలో, విన్న పురాణంలో అటువంటి తల్లి లేదు. గౌరమ్మ టీచర్‌ను అడిగితే, "నేను నిన్న కూడా కడిగినా. నన్నేం చేసింది?" అన్నారు. అయినా భయం శాస్త్రాన్ని అడిగి రాదు.

పారాయణలో కూర్చుంటే ఒక నామానికీ ఇంకో నామానికీ మధ్య, ఇలా అయితే ఏమవుతుంది, అలా అయితే ఏమవుతుంది అని మనసు వెతుకుతూనే ఉంటుంది. ఇన్నేళ్ళ పని నా బుర్రను అలా చేసింది. చివరికి అమ్మను కూడా పరీక్షించసాగాను. ఈ పువ్వు కుడివైపు రాలితే బిడ్డ క్షేమం, హారతి ఆరకపోతే క్షేమం అని. ఒకరోజు హారతి గాలికి ఆరింది. నేను గుళ్ళోనే ఏడ్చాను. టీచరమ్మ పక్కన కూర్చుని, "లక్ష్మీ, ఆ యమ్మ నీ ఆఫీసుకి వచ్చిన ఆట కాదు" అని మాత్రం అన్నారు. అప్పటి నుంచి ఆ లెక్కలు మానడానికి ప్రయత్నిస్తున్నాను. కొన్ని రోజులు మానగలను, కొన్ని రోజులు మానలేను.

చేసింది తప్పని మాత్రం నేను అనను. మళ్ళీ అదే స్థితి వస్తే మళ్ళీ ఆమెను అడుగుతాను, మళ్ళీ మిద్దె ఎక్కుతాను, మళ్ళీ ఇంతే భయపడతాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఇది తెలుసుకుని రండి. సరైన పని చేశాక భయం పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

నిన్నటి ఫోను

నిన్న సాయంత్రం ఫోన్ మోగింది. నాగరత్న, ఆసుపత్రి నుంచి.

"అక్కా, బీపీ దిగలేదంట. రేపు పొద్దున ఆపరేషన్ చేసి బిడ్డని తీస్తామంటాండారు. నెలలు ఇంకా నిండలేదు."

ఆమే మళ్ళీ అంది. "నీ మీద కోపం లేదక్కా. ఉన్నింది, ఇప్పుడు లేదు. భయం మాత్రం ఉండాది."

"నాకూ ఉండాదమ్మా."

"మీ సంఘంలో చదివిస్తావా? నా పేరు చెప్పి?"

చదివిస్తానన్నాను. తెల్లవారకముందు నుంచే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఈరోజు శుక్రవారం కాకపోయినా అందరూ వస్తున్నారు. షబానా వాళ్ళ అమ్మ తన నమాజులో దువా చేస్తానంది. తిప్పేస్వామన్న ఆఫీసు మూసి వస్తానన్నాడు. ఆపరేషన్ గదిలోకి ఇంకా తీసుకుపోలేదని నాగరత్న వాళ్ళ ఆయన ఇప్పుడే ఫోన్‌లో చెప్పాడు. సంఘంవాళ్ళు పిలుస్తున్నారు, నేను గుడికి పోవాలి.

ఇది మీ చేతికి చేరేసరికి ఏదో ఒకటి జరిగిపోయి ఉంటుంది. అయినా మీరు అడగండి. అమ్మకు ముందూ వెనకా లేవు. మీ దేవుడు ఎవరైనా సరే, మీరు ఏ వైపు నుంచి తిరిగి మొక్కినా సరే, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని నాతో పాటు అనండి. తల్లీ, ఆ నాగరత్నను, ఆమె కడుపులోని బిడ్డను, ఇద్దరినీ క్షేమంగా బయటికి తీసుకురా.